మంద్రస్థాయి

దెయ్యం సినిమాలకు నేపథ్య సంగీతం చేయడం నా పని. పాటలు నాకెవరూ ఇవ్వరు, నేనూ అడగలేదు. మణిశర్మ గారి పాటలు ఊరూరా మోగక ముందు, 1992లో ‘రాత్రి’ సినిమాకి ఆయన చేసిన నేపథ్య సంగీతం విన్నవాళ్లకు తెలుసు, మాటల్లేని చోట భయం ఎలా అడుగులేస్తుందో. నాకు ఆ దారే నచ్చింది.

మాది శ్రీకూర్మం. కూర్మనాథుడి గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లుంటాయి. చిన్నప్పుడు నాన్న తోటకూర కట్ట పట్టుకుని, నన్ను వాటి దగ్గరికి తీసుకెళ్లేవాడు. 1993లో వచ్చిన ‘జురాసిక్ పార్క్’లో రాప్టర్లు ఒకదాన్నొకటి పిలుచుకునే అరుపు ఉంది చూశారూ, అది జతకట్టే తాబేళ్లదేనని సౌండ్ డిజైనర్ గ్యారీ రైడ్‌స్ట్రమ్ చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. లోకమంతా వణికింది, మా గుళ్లో ఆకులు నమిలే జీవి జాతి గొంతుకి! నాకు విద్య నేర్పింది ఆ ఒక్క ముక్కే. రోజూ వినే చప్పుడునే ఆనవాలు తెలియకుండా మారిస్తే చాలు.

కవ్వం, నూతి గిలక, ఉయ్యాల గొలుసు, అన్నీ వాడేశాను. రికార్డు చేసినదాని వేగం సగానికి తగ్గిస్తే శ్రుతి ఒక స్థాయి కిందికి దిగుతుంది. మళ్లీ సగం చేస్తే దాని పుట్టుక పోల్చుకోలేం. పని కాగానే అసలు ముక్కలన్నీ చెరిపేస్తాను. వాయిద్యాలతో కలిసిపోయిన చివరి మిక్సు ఒక్కటే ఉంచుతాను. అదెక్కడిదో నేను కూడా మరిచిపోవాలి, లేకపోతే నాకే భయం వేయదు.

ఒక సినిమాలో దెయ్యం కనపడదు. తలుపు అవతల ఉన్నట్టు వినపడాలి, అంతే. నెల రోజులు ఏదీ కుదరలేదు. సంక్రాంతికి ఇంటికొచ్చి, అర్ధరాత్రి నిద్రపట్టక నడవలో కూర్చుంటే దొరికింది. ఫోన్లో నలభై సెకన్లు పట్టుకున్నాను. అది విని దర్శకుడు నన్ను కావలించుకున్నాడు.

ఆ ఆషాఢంలో నాన్న పోయాడు. అస్థికలు గుడి కోనేరు శ్వేతపుష్కరిణిలో కలిపాం. అక్కడ కలిపినవి తాబేళ్లవుతాయని మా పెద్దల నమ్మకం.

సంవత్సరీకం అయ్యాక ఆ సినిమా టీవీలో వేశారు. వీధిలో పిల్లలంతా మా ఇంట్లో చేరారు. నా పేరు పడగానే అమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. తలుపు సన్నివేశం వచ్చింది. చప్పుడు మొదలైంది. పిల్లలు కెవ్వుమని గోడ దాకా జరిగిపోయారు. అమ్మ మాత్రం లేచి టీవీ దగ్గరికెళ్లి, చెవి ఆనించి నిలబడింది.

ప్రకటనలు వచ్చాక నా పక్కన కూర్చుంది.

“తెల్లారగట్ల మీ నాన్న ఊపిరి ఇలాగే ఉండీది,” అంది. “నలభై ఏళ్లు పక్కన పడుకుని ఇన్నాను, నాకు తెల్దేటి?”

నేను మాట్లాడలేదు.

“ఆ మేళాలన్నీ తీసీసి, ఉత్తి ఆయన ఊపిరొక్కటీ ఇనిపించురా బాబూ.”

ఫోను తీశాను. పైకీ కిందకీ వెతుకుతూనే ఉన్నాను. నా దగ్గర మిగిలింది దెయ్యం ఒక్కటే.