తాళంచెవి దగ్గరున్న అధికారి గారికి

మ.రా.రా.శ్రీ అధికారి గారి దివ్యసముఖమునకు,

తమరి పేరు తెలియదు, హోదా తెలియదు, ఏ శాఖో కూడా తెలియదు. నర్సీపట్నం నుంచి సీలేరు వైపు వెళ్లే కొండదారిలో ఒక వ్యూపాయింట్ ఉంది. అక్కడ "స్త్రీలు" అని రాసి, బొట్టూ కొప్పూ పెట్టిన ఆడమనిషి బొమ్మ వేసిన గది ఒకటుంది. దానికి తాళం ఉంది. ఆ తాళంచెవి తమరి దగ్గరుంది. మన పరిచయం అంతవరకే.

ఏ వ్యూపాయింటో రాయను. రాస్తే తమరు తాళం తీయించరు, అక్కడ టీ అమ్ముకునే ఆవిడ బడ్డీ తీయిస్తారు. ఆ మాత్రం లోకజ్ఞానం మాకూ ఉంది.

ముందుగా అభినందనలు. తాళం దివ్యంగా ఉంది. ఇత్తడిది, అరచేయంత. వానకు తడవకుండా సైకిల్ ట్యూబు ముక్క కోసి దానికి తొడిగారు. ఆ కట్టడం మొత్తంలో నీళ్ల గురించి ఎవరైనా ఆలోచించారంటే ఆ ఒక్కచోటే. పైన నల్ల ట్యాంకు ఉంది, దాన్నుంచి కిందకు గొట్టం లేదు. మాలో పొడుగు మనిషి రమణి వెనకవైపు రాయెక్కి, వెంటిలేటర్‌లోంచి తొంగిచూసి లోపలి విశేషాలు రన్నింగ్ కామెంటరీ చెప్పింది. కమోడ్‌కి ప్లాస్టిక్ కవరు విప్పలేదట. దాని మీద ఎండిపోయిన సున్నం బకెట్టు. కుళాయి ఉండాల్సిన చోట గోడకు కన్నం. మూలన చీపుళ్లు, అవీ కట్ట విప్పనివే. బయట గోడకు మాత్రం నల్లరాతి శిలాఫలకం, బంగారు రంగు అక్షరాలు. పేర్లన్నీ చదివాం, పేర్ల కింద హోదాలూ చదివాం. చదువుకోవడానికి మాకు బోలెడు తీరిక దొరికింది.

"చెవి ఎవరి దగ్గరుందమ్మా?" అని టీ బడ్డీ ఆవిడనడిగాం.

"సారు కాడుందమ్మా. సారు కిందకెలిపోనారు."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"మంత్రిగోరు ఒచ్చినప్పుడొస్తారు."

వెటకారం కాదండీ. పాలు పొంగకుండా గరిటె తిప్పుకుంటూ, ఉన్న మాట చెప్పింది.

మరుగుదొడ్డికి తాళమేంటండీ అసలు? లోపల ఏం దాచారు? దేవుడి నగలా? మంత్రిగారు వచ్చిన రోజు కవరు విప్పి, ఫొటో తీసి, మళ్లీ చుట్టేస్తారా? ఆడవాళ్లు వాడితే పాడైపోతుందని భయమైతే కట్టడం ఎందుకు, రంగులేయడం ఎందుకు, ఆ పేర్లన్నీ రాతి మీద చెక్కించడం ఎందుకు? మర్యాదగా రాద్దామనే దివ్యసముఖంతో మొదలుపెట్టాను. పేజీ తిరక్కుండానే ఆ మర్యాద అయిపోయింది. క్షమించమని అడగను.

మేమంతా విశాఖలో ఒకే కాలేజీలో చదువుకున్నవాళ్లం. అందరికీ యాభై దాటింది. పిల్లల ఇంటర్ పరీక్షలకీ, అత్తగార్ల ఆపరేషన్లకీ, మొగుళ్ల "ఇప్పుడెందుకులే"లకీ వాయిదా పడుతూ వచ్చిన ప్రయాణం ఈ కార్తీకానికి కుదిరింది. వ్యాను మాట్లాడుకుని, రాత్రి నర్సీపట్నంలో పడుకుని, తెల్లారేసరికి లంబసింగి మంచులో ఉన్నాం. తాజంగి జలాశయం మీద పొగమంచు విడవడం చూశాం. వలిసె పూల చేలో దిగి ఫొటోలు తీసుకున్నాం. రైతు మనిషికింతని అడిగాడు, ఇచ్చాం. అతని చేను, అతనిష్టం. చింతపల్లి దాటాక ఆర్.వి. నగర్ దగ్గర సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడలో ఎర్రబడిన కాఫీ పళ్లు. ధారాలమ్మ తల్లి గుడి దగ్గర డ్రైవరు కొబ్బరికాయ కొట్టాడు. ఆ తర్వాత ఒక మలుపులో కొండ పక్కకు తప్పుకుని సీలేరు నీళ్లు కనబడ్డాయి. ఎంత నీళ్లో. ఇంకెవరైనా అయితే ఇక్కడ ఒక పేరా వర్ణిస్తారు. మాకు అందం ఆనలేదు. పొద్దున లంబసింగి చలిలో తాగిన వేడి వేడి టీలు ఊరుకోవు కదా. ఆ అవస్థలో ఉన్న ఆడదానికి ఎదురుగా అంత జలాశయాన్ని చూపించడం కంటే పెద్ద శిక్ష ఏ చట్టంలోనూ ఉండదు.

మగవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మా డ్రైవరు నాలుగు మలుపులకోసారి "ఒక్క నిమిషం మేడం" అని దిగాడు. కొండంతా అతనిదే. పాపం, మా కోసం అతనే "ముందు బంకుంది మేడం" అని ధైర్యం చెప్పాడు. బంకుంది. బంకులో మరుగుదొడ్డీ ఉంది. దానికీ తాళం. "స్టాఫ్‌కి మాత్రమే" అన్నాడు కుర్రాడు. స్టాఫంటే అతనూ, ఇంకో కుర్రాడూ.

పొదల చాటుకి వెళ్లొచ్చు కదా అంటారేమో. వెళ్లాం. మా సుభద్రకి మోకాలు మార్పిడి అయింది. కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. జారే ఎర్రమట్టి, పక్కనే లోయ. ఇద్దరం చెరో రెక్కా పట్టుకున్నాం, ఒకామె చున్నీ అడ్డం పట్టింది, రమణి రోడ్డు మీద కాపలా. సరిగ్గా అప్పుడే పై మలుపులోంచి బైకుల మీద కుర్రాళ్లు, హారన్లు, ఈలలు. ఆ సుభద్ర ఒక సర్కారు బడిలో హెడ్మిస్ట్రెస్ అండీ. ఆడపిల్లలకు బాత్రూములు కావాలని పై ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి కట్టించిన మనిషి. వాటి తాళంచెవి ఆయమ్మ కొంగున ఉంటుంది, తమరి లాంటి వారి జేబులో కాదు. వ్యానెక్కాక ఆవిడ అన్నది ఒక్కటే, "మా పిల్లలెవరైనా ఆ బైకుల మీద ఉన్నారేమోనే." మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

అక్కడికి కూతవేటు దూరంలో పచ్చబోర్డు, "బహిరంగ మలవిసర్జన రహిత గ్రామానికి స్వాగతం" అని. పల్లె భారతమంతా అలా అయిపోయిందని 2019 అక్టోబరు 2న ప్రకటించారు కూడా. ఆ లెక్కలో తమరి గది కూడా ఉండే ఉంటుంది. గది ఉందా అని అడిగి ఉంటారు. తలుపు తెరుచుకుంటుందా అని అడగాలని ఎవరికీ తోచి ఉండదు.

ఇక ఆ తర్వాత ఎవరం నీళ్లు తాగలేదు. అది తమరికి కొత్త కావచ్చు, తమరి ఇంట్లో ఆడవాళ్లకి కాదు, అడిగి చూడండి. మాలో స్వర్ణకి షుగరు. నీళ్లు ఎక్కువ తాగమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మధ్యాహ్నం మాత్ర వేసుకోవడానికి సీసా మూతలో కొలిచి నీళ్లు పోసుకుంది, ఆ కాసినే మింగి మూత బిగించేసింది. కిటికీ అవతల డొంకరాయి జలాశయం.

ఆ నీళ్ల సంగతే చెప్పనివ్వండి. ఇదే ఏరు పైన మాచ్‌ఖండ్ పేరుతో 1955 నుంచి కరెంటు ఇస్తోంది, 120 మెగావాట్ల కేంద్రం అది. కిందకొచ్చి సీలేరయ్యాక ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 460. ఒకే నీటిని కొండ దిగేలోపు నాలుగుసార్లు పనిలో పెట్టి, ఆఖరికి శబరిలోకి, అక్కణ్నుంచి గోదావరిలోకి వదులుతున్నారు. అడవిలో ఆనకట్టలు కట్టి, కొండలంత ఎత్తు నుంచి నీళ్లు దింపిన ఇంజనీర్లు పుట్టిన నేల ఇది. అలాంటి చోట ట్యాంకు నుంచి కుళాయికి బారెడు గొట్టం వేయడం చేతకాలేదంటే నమ్మమంటారా?

ఈ ఘాట్ రోడ్డుకి అధికార్లతో పాత పేచీ కూడా ఉంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేసేటప్పుడు కొండవాళ్ల చేత చాకిరీ చేయించుకుని కూలి సరిగా ఇవ్వని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీది కసి, రంప పితూరీకి కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు అల్లూరి సీతారామరాజూ ఆయన మనుషులూ. ఫలానా చోటికి వస్తున్నాం కాచుకోండని ముందుగా మిరపకాయ టపా పంపడం ఆయన పద్ధతి. ఈ ఉత్తరానికి కూడా ఒక ఎండుమిరపకాయ కడదామని రమణి ఉబలాటపడింది. నేనే వద్దన్నాను. ఆయనకు కావలసినవి తుపాకులు, మాకు కావలసింది చెవి.

ఎలాగూ కాగితం మిగిలింది గనక, వ్యూపాయింటులో వ్యూకి అడ్డంగా ఆ "ఐ లవ్" అక్షరాలెందుకండీ? మధ్యలో ఎర్ర గుండెకాయ లోయ మొత్తాన్ని మింగేసింది. రాత్రిళ్లు దానికి లైట్లు వెలుగుతాయట. గుండెకాయ దాకా వచ్చిన కరెంటు పక్కనున్న నీళ్ల మోటారు దాకా రాలేదు. పార్కింగ్ కుర్రాడు చిల్లర లేదన్నాడు, రసీదులో బండి నంబరు తప్పు రాశాడు. ఏ ఊరు ఎంత దూరమో చెప్పే బోర్డుల మీద ఎవరివో పుట్టినరోజు శుభాకాంక్షలు అంటించారు. అవన్నీ ఇంకోసారి తిట్టుకుందాం.

మొత్తానికి తాళం లేని తలుపు మారేడుమిల్లిలో గాని దొరకలేదు. హోటలాయన ముందు ఆర్డరు చెప్పమన్నాడు. కార్తీకమాసం, మాలో సగంమంది మాంసం ముట్టరు. అయినా బొంగు చికెన్ చెప్పాం. వెదురుబొంగు కాలి, చికెన్ వచ్చేసరికి మా వరస ఇంకా పూర్తికాలేదు. డ్రైవరు తృప్తిగా తిన్నాడు.

టీ బడ్డీ ఆవిడ సంగతి చెప్పలేదు. మబ్బు విడవకముందే వస్తుంది, చీకటి పడ్డాక వెళ్తుంది. "మరి మీరేం చేస్తారమ్మా?" అనడిగితే, "మాకలవాటైపోనాదమ్మా" అంది. అలవాటంటే ఏమిటో తర్వాత మాటల్లో తెలిసింది. మధ్యాహ్నం ఒకసారి బడ్డీ మీద గోనె కప్పి, దిగువన ఊళ్లోకి నడిచి వెళ్లొస్తుంది. ఆ కాస్సేపట్లో వచ్చిన వ్యాన్ల బేరం పక్కవాడికి పోతుంది. ఆ ఒక్కసారితోనే రోజు గడవాలి గనక, పొద్దస్తమానం టీ కాచే ఆ మనిషి ఒక గుక్క టీ తాగదు.

అయ్యా, వెటకారం చాలించాను. బతిమాలుతున్నాను. కొత్తగా ఏమీ కట్టొద్దు. టెండరు వద్దు, రిబ్బను వద్దు, రాతి మీద ఇంకో పేరూ వద్దు. ఉన్నదాన్ని తెరవండి. గొట్టం ఆలస్యమైతే ఒక డ్రమ్మూ మగ్గూ పెట్టించండి, సర్దుకుంటాం, సర్దుకోవడం మాకు కొత్తేం కాదు. చెవి ఆ టీ బడ్డీ ఆవిడ చేతికివ్వండి. మనిషికి ఐదు తీసుకోమనండి, పది తీసుకోమనండి. పూల చేలో ఫొటోకి ఇచ్చినవాళ్లం దీనికివ్వమా? ఊడ్చుకుంటుంది, కడుగుతుంది, తనూ వాడుకుంటుంది. నాలుగు రాళ్లు మిగిలితే ఆవిడవే. చలికాలమంతా వ్యాన్లు బారులు తీరతాయి, ఎవరో ఒక సుభద్ర మోకాళ్లు పట్టుకుని దిగుతూనే ఉంటుంది. దయచేసి, సారు.

ఏ వ్యూపాయింటో చెప్పకుండా చెవి ఎవరికివ్వమంటావని తమరు అడగొచ్చు. గుత్తిలో ఉన్నవన్నీ తీయండి. ప్రతి తాళానికీ దగ్గర్లో ఒక టీ బడ్డీ ఉంటుంది, బడ్డీ వెనక ఒక ఆడమనిషి ఉంటుంది. మేం మాట్లాడిన ఆవిడ సంత రోజు మాత్రం బడ్డీ తీయదు. ఆ రోజుకి చెవి కోడలికిచ్చి వెళ్తానంది. అడిగి ఖాయం చేసుకునే రాస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
విశాఖపట్నం