లెప్టిన్ లేని లెప్టిన్ మాత్ర

పొట్టకు కొత్త శత్రువు దొరికాడు. మొదట నూనె, తర్వాత తెల్లన్నం, ఇప్పుడు లెప్టిన్. కొవ్వు కణాలు తయారుచేసి రక్తంలోకి వదిలే ఈ హార్మోను మీలో మొరాయించిందనీ, మూడు వారాల్లో దాన్ని ‘రీసెట్’ చేసి పెడతామనీ చెప్పే డబ్బాలు, డైట్ ప్యాకేజీలు ఆన్‌లైన్‌లో కొల్లలు. తిండిపోతు అనిపించుకుని విసిగిపోయినవాళ్లకు ఎంత హాయైన కబురు! నేరం హార్మోను మీదికి పోయింది, జరిమానా మాత్రం క్రెడిట్ కార్డు మీద పడింది. డబ్బా మీద లెప్టిన్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, లోపల సాధారణంగా ఉండేది గ్రీన్ టీ సారమో, పీచుపదార్థమో. లెప్టిన్ ఉండదు. ఉన్నా ఒరిగేదేమీ లేదు. అది 146 అమైనో ఆమ్లాల ప్రొటీన్. మింగితే పప్పులోని ప్రొటీన్‌కు పట్టే గతే దానికీ పడుతుంది. ఆ లెక్కన ఖరీదైన పదార్థాన్ని కడుపులో వృథా చేయనందుకు తయారీదారుల పొదుపును మెచ్చుకోవాలి.

నిజమైన లెప్టిన్‌తో వ్యాపారం చేయబోయినవాళ్ల కథ వేరు. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఈ హార్మోను జన్యువును పట్టుకుంది. పుట్టుకతో అది లోపించి బంతుల్లా ఊరిన ఎలుకలకు లెప్టిన్ ఇంజెక్షన్లిస్తే తిండి తగ్గించి చిక్కిపోయాయి. ఆమ్‌జెన్ కంపెనీ 2 కోట్ల డాలర్లు చెల్లించి హక్కులు కొనుక్కుంది. 1996లో చేదు నిజం బయటపడింది: లావుగా ఉన్న మనుషుల్లో లెప్టిన్‌కు కొరత లేదు, సన్నవాళ్లకన్నా ఎక్కువే ఉంది. కొవ్వు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. 1999లో వెలువడిన పరీక్షలో రోజూ సూదులు పొడిపించుకున్నవాళ్లలో కొందరు కాస్త తగ్గారు, చాలామందికి పెద్దగా తేడా రాలేదు. అదే ఏడాది ఇంగ్లండ్ వైద్యులు పుట్టుకతోనే లెప్టిన్ లేని తొమ్మిదేళ్ల పాపకు దాన్ని ఇస్తే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. అలాంటి పిల్లలు ప్రపంచం మొత్తమ్మీద అతి కొద్దిమంది. అసలు సరుకు చేతిలో ఉన్న కంపెనీ చేయలేని పనిని సరుకే లేని డబ్బా చేసేస్తోందట!

లెప్టిన్ మనల్ని నాజూగ్గా ఉంచడానికి పుట్టిన హార్మోను కాదు. కరువొచ్చిందని మెదడుకు కబురందించడం దాని ముఖ్యమైన కొలువు. కొవ్వు తరిగితే రక్తంలో లెప్టిన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి ఆకలి పెంచుతుంది, థైరాయిడ్ హార్మోన్లను తగ్గిస్తుంది, కండరాల చేత పొదుపుగా ఖర్చు చేయిస్తుంది. లెప్టిన్ పెరిగినప్పుడు మాత్రం అంత పట్టించుకోదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో రోజెన్‌బామ్, లీబెల్ బరువు పదిశాతం తగ్గినవాళ్లను పరీక్షించి, శరీరం ఖర్చుచేసే శక్తి లెక్కకు మించి తగ్గిందనీ, లెప్టిన్‌ను పాత మోతాదుకు చేరిస్తే ఆ తగ్గుదల చాలావరకు సర్దుకుందనీ చూపించారు. ఇప్పుడు ‘రీసెట్’ ప్యాకేజీ సంగతి చూడండి. మొదటి వారమే కడుపు మాడ్పిస్తుంది. కడుపు మాడితే లెప్టిన్ ఇంకా పడిపోతుంది. ప్యాకేజీ బాగు చేస్తానన్న వ్యవస్థకే మొదటిరోజు నుంచీ కరువు కబురు పంపుతోందన్నమాట.

లెప్టిన్‌ను మెదడు ఖాతరుచేయకపోవడం శాస్త్రజ్ఞులు ఒప్పుకున్నదే కదా అంటారు. ఒప్పుకున్నదే. కానీ దాన్ని ఇంట్లో కొలిచే సాధనమూ లేదు, సరిచేస్తుందని రుజువైన మాత్రా లేదు; సమస్య నిజమైనంత మాత్రాన దాని పేరుతో అమ్మే మందు నిజమైపోదు. తగ్గినవాళ్లున్నారు కదా అన్నది రెండో మాట. ఉంటారు. డబ్బాతోపాటు వచ్చే కాగితం మీద తీపి మానమనీ, చీకటిపడక ముందే తినమనీ, నడవమనీ, కంటినిండా నిద్రపొమ్మనీ రాసుంటుంది. కాగితానికి ఖరీదు లేదు, ఘనతంతా క్యాప్సూల్‌ది.

ఇక హార్మోన్లన్నీ బూటకం, నోరు కట్టుకుంటే చాలనే వీరులూ ఉన్నారు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’లో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. ఇన్సులిన్‌కు తోడ్పడే అడిపోనెక్టిన్ అనే మరో కొవ్వు హార్మోను దక్షిణాసియా వాసుల్లో తెల్లవాళ్లకన్నా తక్కువగా కనిపిస్తుంది. నోరు కట్టుకున్న బక్కపలచటి మనిషికీ షుగరు ఎందుకొస్తుందో ఈ వీరులు కాస్త సెలవివ్వాలి.

కొవ్వంటేనే విషమని నమ్మేవాళ్లు లైపోడిస్ట్రఫీ రోగులను తలుచుకోవాలి. ఒళ్లంతటా వచ్చే లైపోడిస్ట్రఫీలో కొవ్వును దాచే కణజాలం దాదాపు ఉండదు. దాచుకోవడానికి చోటులేక కొవ్వు కాలేయంలో పేరుకుంటుంది, మొండి మధుమేహం వస్తుంది. నిజంగానే లెప్టిన్ ఉన్న మందు ఒకటుంది, పేరు మెట్రెలెప్టిన్. 2014లో అమెరికా దాన్ని అనుమతించింది. ఇంజెక్షన్‌గానే తీసుకోవాలి, గట్టి హెచ్చరికలతో వస్తుంది, స్థూలకాయానికి వాడరు. అనుమతి ఇచ్చింది ఈ కొవ్వు లేనివాళ్ల కోసం.