బిల్లుకి దొరకని పిల్లాడు

పేదింటి పిల్లాడి చదువుకి సర్కారు డబ్బివ్వడం లేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ఇస్తోంది. ఇచ్చిన ప్రతి పథకానికీ బారసాల చేసి మరీ ఇస్తోంది. ఒక్కోదానికి రెండేసి బారసాలలు. 2024 జులైలో ఒకే ప్రకటనతో అమ్మఒడి ‘తల్లికి వందనం’ అయిపోయింది. విద్యాకానుక ‘సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర’ అయింది. గోరుముద్ద ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’గానూ, నాడు-నేడు ‘మన బడి - మన భవిష్యత్తు’గానూ మారాయి. మా తగరపువలసలో ఆధార్ కార్డు మీద ఇంటిపేరులో ఒక్క అక్షరం సరిచేయించుకోవాలంటే చెప్పులరిగిపోతాయి. పథకాలకి ఆ బాధ లేదు.

సీతమ్మ గారి పేరు పెట్టడం మాత్రం నాకు నచ్చింది. గోదావరి లంకల్లో ఆ మహాతల్లి ఏ వేళప్పుడు వచ్చినవాడికైనా ఆకలి తీరేదాకా అన్నం పెట్టింది. పెట్టేముందు విస్తరిని ఫొటో తీసి యాప్‌లో ఎక్కించలేదు.

ఇప్పటి బడిలో అలా కుదరదు. భోజనం, మరుగుదొడ్ల పర్యవేక్షణకని ఐఎంఎంఎస్ యాప్ వచ్చినప్పట్నుంచీ హెచ్చెం గారికి మరుగుదొడ్డి ఫొటోతోనే తెల్లారడం మొదలైంది. తర్వాత వంటగది ఫొటో, గుడ్ల ఫొటో, హాజరు. యాప్‌లు వస్తుంటాయి, పోతుంటాయి, ఫొటో మాత్రం శాశ్వతం. సిగ్నల్ కోసం ఆయన ఫోను పైకెత్తి పట్టుకుని గేటు దగ్గరికీ చెట్టు కిందికీ తిరుగుతున్నంతసేపూ ఐదో తరగతి తనకి తానే పాఠం చెప్పుకుంటుంది.

ఆ ఐదో తరగతి సంగతే చెప్పాలి. తగరపువలస చుట్టుపక్కల బడే. పేరు రాయను. “రాస్తే రాయండి గానీ బడి పేరు మాత్రం వద్దండీ. మెమో వస్తే సంజాయిషీ నేను ఇచ్చుకోవాలి. ఆ సంజాయిషీ రాసే తెల్లకాగితాలు కూడా గ్రాంటులోంచే కొనాలి” అన్నారు హెచ్చెం గారు. ఆయన బాధ ఆయనది.

బడి చూడ్డానికి బాగుంది. వెటకారం కాదు, నిజంగానే బాగుంది. 2019 నవంబర్ 14న ఒంగోలులో నాడు-నేడు మొదలుపెట్టి తొలివిడతలో 15,715 బడులు తీసుకున్నారు. బెంచీలొచ్చాయి, ఫ్యాన్లొచ్చాయి, ఆకుపచ్చ బోర్డులొచ్చాయి, నీళ్ళొచ్చే మరుగుదొడ్లొచ్చాయి. ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తాల్సిన అగత్యం తప్పింది. ఇది చిన్న విషయం అన్నవాణ్ణి ఒకరోజు మరుగుదొడ్డి లేని బడిలో కూచోబెట్టాలి. మలివిడతలో చాలాచోట్ల పిల్లర్ల దాకా లేచి ఆగిపోయిన గదులున్నాయి. అది వేరే కథ. ఆ పిల్లర్లకి ఒక ప్రభుత్వం తండ్రి, ఇంకో ప్రభుత్వం సవతి తండ్రి.

వరండా గోడ మీద అఆఇఈలు రంగుల్లో వేశారు. ఆ గోడకానుకుని ఒక పిల్లాడు. వాడి తాత చిట్టివలస జూట్ మిల్లు కార్మికుడు. 2009లో మిల్లు మూతపడింది. తండ్రి తాపీపనికి రోజూ వైజాగ్ వెళ్ళొస్తాడు. తెలుగు వాచకం తీసి చదవరా అంటే గడగడా చదివాడు. ఎక్కడా ఆగలేదు. సంతోషించి, వాడి వేలు ఎక్కడుందా అని చూశాను. వేలు రెండో వరుస మీదుంది, నోరు నాలుగో వరుసలో ఉంది. పాఠమంతా విని బట్టీ పట్టేశాడు. పేజీ తిప్పి కొత్త పాఠం చూపిస్తే వేలూ ఆగింది, నోరూ ఆగింది. వాడి మొహంలో దొంగతనం దొరికిపోయిన భయం. అంత జ్ఞాపకశక్తి ఉన్న పిల్లాడికి అక్షరాలు రాకపోవడం వాడి నేరమైనట్టు.

వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. “ఇస్కూలు బాగు సేసినారు బావూ, నానేటి కాదనను. బేగులిచ్చినారు, బూట్లిచ్చినారు, గుడ్డెడతన్నారు. మా గుంటడికి సదవడం రాదు. అదొక్కటే” అంది. ఆ ‘అదొక్కటే’ని ఏ పద్దులో రాయాలో ఆవిడకి తెలీదు. హెచ్చెం గారికీ తెలీదు. వినియోగ ధ్రువపత్రంలో ఆ గడి లేదు.

మొత్తం మర్మం అక్కడుంది. గోడకి కొలతలుంటాయి. రంగుకి చదరపు అడుగుకింత అని రేటుంటుంది. బెంచీకి ఇన్వాయిసుంటుంది. ‘క్ష’ దగ్గర ఆగిపోయిన పిల్లాడి పక్కన రోజూ ముప్పావుగంట కూచుంటే దానికి ఇన్వాయిసేదీ? జీఎస్టీ నంబరేదీ? ఆడిట్‌కి వచ్చినాయన ఏం చూసి టిక్కు పెడతాడు?

అందుకని ప్రభుత్వానికి ఉచితంగా ఒక సలహా ఇస్తున్నాను. వెనకబడ్డ పిల్లాణ్ణి సివిల్ వర్కుగా ప్రకటించండి. ఇంజనీరు గారు వచ్చి అంచనా వేస్తారు. గుణింతాలు పునాది మట్టం, ఒత్తులు లింటల్ మట్టం, తప్పుల్లేకుండా ఒక పేజీ చదివితే స్లాబు. ఒక్కో మట్టానికి ఎం-బుక్‌లో కొలత రాసి, పిల్లాడి పక్కన నిలబడి జియోట్యాగింగ్ ఫొటో తీసి, బిల్లు పెట్టుకోవచ్చు. కాంట్రాక్టర్లు మా పిల్లల కోసం కొట్టుకు చస్తారు. నామినేషన్ మీద ఇవ్వాలా టెండర్ పిలవాలా అని శాసనసభలో చర్చ జరుగుతుంది. పిల్లాడికి రంగెయ్యాల్సి వస్తే మాత్రం ఏ రంగో ముందే హైకోర్టుని అడిగి వెయ్యడం మంచిది. పంచాయతీ ఆఫీసులకి పార్టీ రంగులేసిన విషయంలో 2020లో ఆ ముచ్చట తీరింది.

బడి చేతికొచ్చే డబ్బెంతో కూడా చెప్పుకోవాలి కదా. సమగ్ర శిక్షా లెక్క ప్రకారం వంద దాటి 250 లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 రూపాయల కాంపోజిట్ గ్రాంటు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే వాడాలి. బడిలో 120 మంది ఉన్నారనుకుంటే తలకి నాలుగొందల పైచిలుకు, ఏడాది మొత్తానికి. కరెంటు బిల్లు అందులోదే. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, పంద్రాగస్టు బిళ్ళలు, పాడైన కుళాయి, అన్నీ అందులోంచే. ఇది చాలదన్నట్టు 2021 నుంచి కేంద్ర పథకాల డబ్బు బడి ఖాతాలో నిలవుండదు. జీరో బ్యాలెన్సు ఖాతా, పైనుంచి ఇంతవరకు వాడుకోమని పరిమితి. వాడనిది ఏడాది చివర వెనక్కి. ఆ పరిమితి ఒక్కోసారి మార్చిలో తెరుచుకుంటుంది. జూన్‌లో కొనాల్సిన చార్టులు మార్చి నెలాఖరున రాత్రికి రాత్రి కొంటారు. ఏప్రిల్లో బడికి సెలవులు. చార్టులకీ సెలవులే.

తల్లికి వందనం లెక్క ఇంకా పెద్దది. పిల్లాడికి 15,000. తల్లి ఖాతాలో 13,000, మిగిలిన 2,000 బడి నిర్వహణకి. 2025 జూన్‌లో 67.27 లక్షల మంది పిల్లలన్నారు. ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇవ్వడం మంచి మార్పే, ఒప్పుకోవాల్సిందే. రెండో కొడుకు పాపమేం చేశాడు? కాకపోతే ఆ 13,000 తగరపువలస మెయిన్ రోడ్డు దాటేలోపే కాన్వెంటు కౌంటర్లో జమ అవుతున్న ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. ఆ తల్లుల్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. సర్కారు డబ్బిచ్చి ‘నీ పిల్లాడికి ఎక్కడ చదువొస్తుందో చూసుకో’ అంటే, ఆవిడ చూసుకుంది. సర్కారు బడి మీద ఇంతకంటే మర్యాదగా ఎవరూ తీర్పు చెప్పలేరు.

ట్యాబుల సంగతి కూడా గుర్తు చెయ్యాలి. 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకి పంపిణీ మొదలైంది. పిల్లలకే నాలుగున్నర లక్షలకి పైగా. లోపల పాఠాలు బైజూస్ వాళ్ళవి, ఉచితం. 2024 జులైకి ఆ పిల్లలు పదో తరగతికొచ్చారు, కంపెనీ దివాలా ప్రక్రియకొచ్చింది. ఇద్దరిలో పిల్లలే నయం, పైతరగతికి వెళ్ళారు.

ఇక పేదపిల్లలకని పెట్టే ‘అదనం’ అనే పదార్థం ఎలా ఆవిరవుతుందో చూడండి. 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళికకి ఏకంగా చట్టం చేసుకున్నాం. జనాభా దామాషాలో ఆ వర్గాలకి విడిగా నిధులుండాలని దాని ఉద్దేశం. ఆచరణలో ఏం జరుగుతుందంటే, ఊరందరికీ ఇచ్చే పథకంలోనే ఎస్సీ పిల్లలెందరో లెక్కగట్టి, వాళ్ళ వంతు ఖర్చుని ఉపప్రణాళిక పద్దులో రాసేస్తారు. అందరితోపాటు వాడికీ వచ్చేదే వాడికి ప్రత్యేకంగా ఇచ్చినట్టు లెక్క తేలుతుంది. ఇలాంటి విద్య మనకొక్కళ్ళకే అబ్బిందని గర్వపడక్కర్లేదు. అమెరికావాళ్ళు 1965లో పేదపిల్లల చదువు కోసం టైటిల్ వన్ అని పెద్ద మొత్తం పక్కన పెట్టారు. 1969లో ఒక నివేదిక వచ్చి చూస్తే ఆ డబ్బుతో కొన్నిచోట్ల ఈతకొలనులొచ్చాయి, బ్యాండుమేళానికి యూనిఫారాలొచ్చాయి. అప్పుడు బుర్రకెక్కి నిబంధన బిగించారు: ఈ డబ్బు ఉన్న ఖర్చుకి తోడుగా ఉండాలి తప్ప ఉన్న ఖర్చుకి బదులు కాకూడదు. ఇంగ్లండువాళ్ళు 2011లో ప్యూపిల్ ప్రీమియం అని పేదపిల్లాడి తలకింతని బడికే ఇచ్చారు. మరుసటి ఏడాది వాళ్ళ తనిఖీ సంస్థ వెళ్ళి అడిగితే, దీనివల్ల మా పద్ధతి బాగా మారిందన్న బడిపెద్దలు పదిమందిలో ఒక్కరు. తెల్లదొరలు కూడా మన హెచ్చెం గార్లేనన్నమాట.

మనకి దూరం వెళ్ళే పని కూడా లేదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పెద్ద పరిశోధన మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేయించాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ వగైరాలు చూశారు. పల్లెల్లో లాటరీ వేసి వంద సర్కారు బడులకి పలకలు, నోటుపుస్తకాలు, సాధన సామగ్రి కోసం రెండేళ్ళు అదనంగా గ్రాంటిచ్చారు. మొదటేడు మార్కులు కాస్త లేచాయి. రెండో ఏడు ఉలుకూ పలుకూ లేదు. కారణం ఏమిటయ్యా అంటే, బడిలో ఇస్తారని ముందే తెలిసిపోయి ఇంట్లో వాళ్ళు నోటుపుస్తకాలు కొనడం తగ్గించారు. నన్నడిగితే తెలివైన పని. ఆ మిగిలిన డబ్బు ఇంట్లో ఏ నూనెకో మందుబిళ్ళలకో పోయుంటుంది. అదీ పేదరికానికి సాయమే, కాకపోతే వాచకం చదవడానికి సాయం కాదు. అదే పరిశోధనలో ఇంకొన్ని బడులకి అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్నిచ్చారు, మరికొన్నింట్లో పిల్లల చదువు మెరుగుపడితే టీచర్లకి బోనస్ అన్నారు. అక్కడ పిల్లలు నిజంగానే ముందుకెళ్ళారు. వస్తువు కంటే మనిషి పనిచేశాడు. ఫలితాలు అచ్చయి దశాబ్దం దాటింది. అప్పట్నుంచి మనం కొన్నవన్నీ వస్తువులే.

దేశం మొత్తం మీద చూసినా ఇంతే. పల్లె పిల్లల చదువుని కొలిచే 2024 అసర్ సర్వే ప్రకారం సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతం. రెండేళ్ళ కిందటి 16.3తో పోలిస్తే ఎగబాకాం. ఎగబాకి నలుగురిలో ఒక్కడి దగ్గరికి కూడా చేరలేదు.

హెచ్చెం గారితో ఈ మాటే అంటే ఆయన నవ్వి, తాళం వేసిన రేకుపెట్టె చూపించారు. లోపల కొత్త కథల పుస్తకాలు, అట్టలు కూడా నలగలేదు. “పిల్లలకివ్వచ్చు కదండీ?” అన్నాను. “చింపితే స్టాకు రిజిస్టర్లో తగ్గుతుంది. తగ్గితే రికవరీ నా జీతంలోంచి. చదవకపోతే ఎవరూ రికవరీ పెట్టరు కదండీ” అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నిజం మాట్లాడిన ఉద్యోగి ఆయనే.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఈసారి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినప్పుడు ఫొటోలకి నిలబడండి, భోజనం చెయ్యండి, ముగ్గుల పోటీలో గెలవండి. ఆ తర్వాత రెండు రిజిస్టర్లు తెప్పించండి. ఒకటి గ్రాంటు క్యాష్‌బుక్, రెండోది లైబ్రరీ స్టాకు. ఎవరి దయా అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళే ఉండాలి. గ్రాంట్లు ఎలా వాడుతున్నారో చూసే అధికారం అదే సెక్షన్ ఆ కమిటీకిచ్చింది. కమిటీలో మీరున్న సంగతి మీకు తెలీకపోతే, ఎక్కడ సంతకం పెట్టారో గుర్తు చేసుకోండి. రిజిస్టర్లు చూశాక పెట్టె తాళం తీయించి, ఒక పుస్తకం మీ పిల్లాడి చేతికిచ్చి, వాడెప్పుడూ చూడని పేజీ చదివించండి. నోటికేసి కాదు, వేలుకేసి చూడండి.