పరగడుపున పావు గ్లాసు

మొక్కల గ్రూపులో మొక్కల ముచ్చట నడిచేది మొదటి నెల రోజులే. వంగ నారు ఎక్కడ దొరుకుతుంది, కొబ్బరి పీచు ఎంతకు తెచ్చారు, తూంకుంట వైపు నర్సరీల్లో మల్లె బాగుంటుందా, మేడ్చల్ రోడ్డు మీదవా. ఆ తర్వాత ఎవరో ఒకరు వామాకు ఫొటో పెట్టి “ఇది దేనికి మంచిది?” అంటారు. “బజ్జీలకు” అని ఎవరైనా చటుక్కున అని ఉంటే కథ అక్కడే అయిపోయేది. కానీ సారు ముందే చూస్తాడు. “దగ్గుకు. నాలుగాకులు, పరగడుపున, పావు గ్లాసు” అని పెడతాడు. ఆ పూటతో మొక్కలు వెనక్కిపోయి మోకాళ్లు ముందుకొస్తాయి.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ సారు లేని మిద్దెతోట గ్రూపు ఉంటుందని నేననుకోను. కండ్లకోయ నుంచి అలియాబాద్ దాకా లేచిన కొత్త ఇళ్లలో మిద్దె మీద జాగా ఉంది, రిటైరైనవాళ్లకు తీరిక ఉంది, అమెరికా పిల్లలు కొనిచ్చిన ఫోనుంది. ఈ మూడూ కలిసిన చోట సారు తయారవుతాడు. మా సారు ఉద్యోగమంతా అకౌంట్సు సెక్షనులో చేశాడు. తన చేతిలో ఏ బిల్లూ మొదటిసారికే పాసు కాలేదని, కనీసం రెండు కొర్రీలైనా వేయనిదే సంతకం పెట్టలేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు. మొక్కల దగ్గరా అదే పద్ధతి. మీ టమాటా ఆకు ముడుచుకుందని ఫొటో పెట్టండి, కొర్రీలు మొదలవుతాయి. ఆకు వెనకవైపు ఫొటో ఏది? ఎండ ఎన్ని గంటలు తగులుతుంది? కుండీ ఎన్ని అంగుళాలు? అడుగున రంధ్రం ఉందా? నీళ్లు పొద్దున పోస్తారా, సాయంత్రమా? బోరు నీళ్లా, మంజీరానా? అన్నీ విని కూడా, “మట్టి టెస్టు లేకుండ నేనేమీ వెయ్యమని చెప్ప” అంటాడు. ఆయన మాట విన్న మొక్కలు బతికాయి. మా ఇంట్లో రెండు వంగచెట్లు ఆయన పెట్టిన భిక్షే.

అదే మనిషికి జబ్బంటే ఒక్క కొర్రీ లేదు. ఒక రాత్రి పదకొండింటికి ఒకామె, “సారూ, మా ఆయనకు కడుపులో ఒకటే మంట” అని రాసింది. ఎవరా ఆయన, వయసెంత, మంట ఎడమనా కుడినా, ఎప్పట్నుంచి, ఏం మందులు వాడుతున్నాడు? అవేవీ సారు అడగలేదు. ఆమె మెసేజ్ పడ్డ క్షణానికే జవాబు: “వేడి. జీలకర్ర నీళ్లు, గోరువెచ్చగ, పరగడుపున, మండలం రోజులు.” బిల్లు పాస్.

నెలకోసారి ఆదివారం పూట శామీర్‌పేట చెరువు దగ్గర కలుస్తాం. మొక్కలు మార్చుకోవడానికని పేరు. జింకల పార్కుకు వచ్చిన పిల్లలు ఒకవైపు, చెట్టు కింద ప్లాస్టిక్ తట్టలతో మేము ఒకవైపు. సారు సంచిలో కొమ్మలన్నీ తడి పేపర్లో చుట్టి, దారం కట్టి, ఒక్కోదానికి అట్టముక్క వేలాడుతూ ఉంటాయి. అట్టముక్క మీద మొక్క పేరు ఉండదు. జబ్బు పేరుంటుంది. రణపాల మీద “రాళ్లు”. నల్లేరు మీద “బొక్కలు”. సరస్వతి ఆకు మీద “మతిమరుపు”. తీరా చూస్తే మతిమరుపు కట్టను ఆయన కిందటి ఆదివారం స్కూటర్ మీదే మరిచిపోయాడు. ఇచ్చిపుచ్చుకునే మాటలు దూరం నుంచి వింటే భయమేస్తుంది. “నాకు కొంచెం షుగర్ ఇయ్యుండ్రి సారూ.” “మీ రాళ్లు ఎట్లున్నయి అక్కా?” “మస్తుగ పెరిగినయి, రెండు కుండీలకు పాకినయి.” పక్కన నీటికాకుల కోసం కెమెరా పట్టుకుని కూర్చున్న కుర్రాడు ఒకడు మమ్మల్నే ఎక్కువసేపు చూశాడు.

ఆ “షుగర్” అట్టముక్క ఉన్నది ఇన్సులిన్ మొక్కకు. మలుపులు తిరిగిన కాడతో చక్కగా ఉంటుంది, నారింజరంగు పూలు పూస్తుంది. అందానికి పెంచుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ పేరు చూసి నమ్మేవాళ్లకు తెలియాల్సింది ఒకటుంది. అసలు ఇన్సులిన్‌ను మింగినా పనిచేయదు, కడుపులోనే అరిగిపోతుంది. అందుకే దాన్ని సూదితో ఎక్కిస్తారు. సారుకూ షుగరుంది. రోజూ ఆ ఆకు నములుతాడు, డాక్టరు రాసిన మాత్రలూ రెండు పూటలా వేసుకుంటాడు. షుగర్ అదుపులో ఉంది. పేరంతా ఆకుకే పోయింది. మాత్రల సంగతి వాళ్లింటావిడ చెబితే తప్ప గ్రూపులో ఎవరికీ తెలిసేది కాదు.

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు పోతే జీనోమ్ వ్యాలీ. 1999లో మొదలైంది. కోవాగ్జిన్ చేసిన భారత్ బయోటెక్ ఉన్నది అక్కడే. ఆ టీకా మూడో దశ పరీక్షకు దాదాపు 25,800 మందిని తీసుకున్నారు. ఎవరికి టీకా, ఎవరికి ఉత్త సూది అన్నది వేసినవాళ్లకూ వేయించుకున్నవాళ్లకూ తెలియకుండా నడిపారు. దానికి కూరగాయల బేరం చేసే దూరంలో మా సారు పరీక్షలు నడుస్తాయి. ఆయన పరీక్షలో పాల్గొన్నది ఒక్కరే, బామ్మర్ది. “మా బామ్మర్దికి వారంల తగ్గింది.” బామ్మర్దికి ఉన్నది ఏ జబ్బో, వారంలో దానంతటదే తగ్గేదో కాదో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. బామ్మర్ది ఊళ్లో ఉండడు, ఫోనెత్తడు.

నవ్వులాటగా పోయినవి పోగా, నవ్వు రానివీ కొన్ని ఉన్నాయి. కోవిడ్ కాలంలో ఇంటింటా తిప్పతీగ కషాయం మరిగింది కదా. అది తాగాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి 2021లో ముంబై డాక్టర్లు రాశారు. మరుసటి ఏడాది దేశంలోని పలు ఆసుపత్రుల వాళ్లు కలిసి 43 మంది లెక్క చెప్పారు. తిప్పతీగ మంచిదే, దాన్ని పోలిన ఇంకో తీగను చూసి పొరబడి ఉంటారు అని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదన. ఎవరిది ఒప్పయినా, కోసింది ఏ తీగో ముందు తేలాలి కదా. మా గ్రూపులో ఒకాయన గోడ మీద పాకిన తీగ ఫొటో పెట్టి ఇది తిప్పతీగేనా అన్నాడు. ఐదుగురు అవునన్నారు. ఇద్దరు తమలపాకన్నారు. ఒకరు మనీప్లాంటు, పైసలొస్తాయి, కోయొద్దన్నారు. సారు, “ఆకు హృదయం ఆకారంల ఉంది, తిప్పతీగే, మరిగించుండ్రి” అన్నాడు. అడ్మిన్ అక్క ఒక్కతే, “కాండం మీద పులిపిర్ల తీరు బుడిపెలు ఉన్నయా, దగ్గరికి పోయి చూడుండ్రి” అని అడిగింది. చూస్తే ఒళ్లంతా బుడిపెలే. అది ఆ పోలిక తీగ.

అక్క స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. సారు ఆమెను “సిస్టర్” అంటాడు, మర్యాదగా, కొంచెం భయంగా.

ఫొటోల గోలకు వస్తే, అసలు గ్రంథం నడిచింది చంటిపిల్ల వీపు మీద. గ్రూపులో అడుగడుగునా ఆకుల ఫొటోలే; మచ్చలు, చుక్కలు, పొక్కులు. వాటి మధ్య ఒక తల్లి తన పాప వీపు మీద లేచిన ఎర్ర దద్దుర్లను మరీ దగ్గరగా తీసి, “రాత్రి నుంచి వచ్చినయి, ఏం చెయ్యాలె?” అని పెట్టింది. ఫొటోలో వీపు వీపులా లేదు. సారు కళ్లద్దాలు దొరకని వేళ. “ఆకుమచ్చ. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం, సాయంత్రం పిచికారీ చెయ్యుండ్రి. తగ్గకపోతే ఆ కొమ్మ కొట్టెయ్యుండ్రి.” అరగంట దాకా ఎవరూ గమనించలేదు. పైగా పదకొండు మంది బొటనవేళ్లు పెట్టారు. ఆ తల్లి, “సబ్బు జాన్సన్ బేబీ అయితే నడుస్తదా?” అని అడిగినప్పుడు అక్క నేరుగా ఫోన్ చేసింది.

ఇదంతా చూసి వాట్సాప్ వైద్యమే పాపమనుకుంటే పొరపాటు. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, కేంద్ర ఆరోగ్య శాఖ టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాట్సాప్‌లో కూడా డాక్టరు వైద్యం చెప్పవచ్చు. కాకపోతే తన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చూపాలి, రోగి ఎవరో, వయసెంతో కనుక్కోవాలి, ఏం చెప్పాడో రాసిపెట్టుకోవాలి, చూస్తే తప్ప తేలదనుకుంటే రమ్మనాలి. చదివితే నాకు మన సారు టమాటాను చూసే పద్ధతే గుర్తొచ్చింది. టమాటాకు ఆయన మహా గొప్ప డాక్టరు.

జనం ఎందుకు అడుగుతారంటే అందులోనే ఉంది జవాబు. వంగచెట్టును బతికించినవాడు కాలేయాన్నీ బతికిస్తాడని మనకొక నమ్మకం. ఇంకోటి, పెద్ద దవాఖానలో రెండు గంటలు కూర్చుంటే రెండు నిమిషాలు చూస్తారు, ఆ రెండు నిమిషాల్లో ఒకటి కంప్యూటర్‌ను చూస్తారు. సారు రాత్రి పన్నెండుకైనా పలుకుతాడు, ఫీజడగడు, “భయపడకు బిడ్డా” అంటాడు. ఆ ముక్క కోసం పావు గ్లాసు చేదు ఎవరైనా తాగుతారు. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడదని 1954 నుంచీ చట్టముంది. కానీ ఈయన ప్రకటనలు ఇవ్వడు, ప్రేమగా సలహా ఇస్తాడు. ప్రేమను ఏ సెక్షన్ కింద పెడతాం?

ఒకామె సారు మాట మీద బీపీ మాత్ర మానేసి, నీళ్ల డ్రమ్ము పక్కన కళ్లు తిరిగి పడేదాకా వచ్చాక గ్రూపులో పెద్ద పంచాయితీ జరిగింది. మొక్కల గ్రూపులో మొక్కలే ఉండాలన్నది ఒక పక్షం. ఆపదలో మనిషికి మనిషి చెప్పుకోకపోతే ఎట్లా అన్నది రెండో పక్షం. మూడో పక్షం ఆ పంచాయితీ మధ్యలో కూడా గులాబీ బొమ్మతో శుభోదయం పెట్టింది. చివరికి అక్క నిబంధన రాసింది: “మనుషుల జబ్బులు ఇక్కడ అడగరాదు, చెప్పరాదు.”

“చెప్పరాదు” అన్నది సరే. “అడగరాదు” నాకు మింగుడుపడలేదు. మేడ్చల్‌లో ఎముకల డాక్టరు ఏ రోజు కూర్చుంటాడు, ఏ బస్తీ దవాఖానలో రక్తపరీక్షలు ఊరికే చేస్తారు, అర్ధరాత్రి ఏ మెడికల్ షాపు తెరిచుంటుంది, ఈ నొప్పితో తెల్లారేదాకా ఆగొచ్చా ఇప్పుడే ఆటో ఎక్కాలా అన్నది మొక్కల దోస్తులను అడిగితే తప్పేముంది? ఇవి ఇరుగుపొరుగుకు తెలిసినంత ఇంకెవరికీ తెలియవు. ఆపాల్సింది చెంచాల లెక్క. మా అక్కతో ఆ మాటే అంటే, “నువ్వు గ్రూపు నడుపు, తెలుస్తది” అంది.

నిబంధన నాలుగు రోజులు నిలిచింది. ఐదో రోజు ఒక మెసేజ్ వచ్చింది.

“సారూ, మా దానిమ్మకు ఈ నడుమ పానం బాగుంటలేదు. వయసు 58.”

మొక్క అనేసరికి సారుకు పాత సెక్షను గుర్తొచ్చింది. కొర్రీలు మొదలు.

“నీళ్లు ఎన్ని పోస్తున్నరు?”

“అడిగినన్ని తాగుతుంది సారూ. రాత్రి గూడ.”

“పోసిన నీళ్లు ఆగుతున్నయా, కిందికి పోతున్నయా?”

“రాత్రి మూడు నాలుగుసార్లు పోతున్నయి.”

“ఎరువు?”

“పూటకు రెండు ప్లేట్ల అన్నం. ఆకలి ఆగుతలేదు.”

“అంత తిన్నా ఆకు రాలుతుందా?”

“రెండు నెలల్ల ఆరు కిలోలు రాలింది.”

“తల్లి మొక్కకు ఈ తెగులు ఉండెనా?”

“తల్లికీ ఉండె, మేనమామకూ ఉండె.”

సారు కాసేపు రాస్తూ ఉన్నట్టు కనిపించింది. ఆగింది. మళ్లీ రాస్తున్నట్టు కనిపించింది. గ్రూపంతా జీలకర్ర కోసం ఎదురుచూస్తోంది. చివరికి వచ్చింది: “టెస్టు లేకుండ నేనేమీ వెయ్యమని చెప్ప. ముందుగాల టెస్టుకు పంపుండ్రి. ఏమీ తినిపియ్యకుండ పొద్దుగాల్నే పంపుండ్రి.”

దానిమ్మ సోమవారం బస్తీ దవాఖానకు పోయింది. పరగడుపున 212 వచ్చిందట, మాత్రలు మొదలుపెట్టారట. రిపోర్టు ఫొటో గ్రూపులో పడింది. నిబంధన ప్రకారం తీసేయాలా, మొక్క రిపోర్టే కదా అని ఉండనివ్వాలా అక్కకు పాలుపోలేదు. ఆమె ఇంకా తేల్చుకోకముందే కింద ఇంకొకటి వచ్చింది. “మా జామకు 71 ఏండ్లు. మెట్లెక్కుతుంటె మోకాళ్లు పట్టేస్తున్నయి. ఎండకు పెట్టాల్నా, నీడకా?”