తలక్రిందుల కథ: ఒక ప్రొజెక్టరు ఆత్మకథ

నేను 35 మిల్లీమీటర్ల ఫిలిమును ఆడించిన ప్రొజెక్టరును. కైకలూరులో ఒక పెంకుటింటి వసారాలో, చేపల మేత సంచుల ప్రక్కన ఇప్పుడు నా నివాసము. యౌవనమంతయు చీకటి గదిలో గడపి, గోడలోని చదరపు రంధ్రము గుండ వెలుగును బయటికి పంపుటయే తప్ప, ఆ వెలుగు తెరమీద నేరూపము దాల్చినదో తీరికగా చూచు భాగ్యము నాకెన్నడును కలుగలేదు. ఏలయన ఫిలిము నా గేటు ముందు తలక్రిందులుగా నడచును, కటకము దానిని త్రిప్పి తెరపై నిలువుగా నిలుపును. కావున నేనెరిగిన నాయికానాయకులందరును శిరస్సులు క్రిందుగా, పాదములు మీదుగా సంచరించినవారే. వారి పెదవులొకచోట, పలుకులొకచోట. శబ్దరేఖ తన బొమ్మకంటె సుమారు 20 బొమ్మల ముందుగా ముద్రితమై యుండుటచే, పెదవి గేటు కడ కదలుచుండగా పలుకు క్రిందనున్న సౌండు బాక్సులో వినిపించును. ఇట్లు ముక్కలుగా, తలక్రిందులుగా నెరిగిన కథలలో నొకదానిని ఇన్నేండ్లకు నిలువుగా, మొదటినుండి తుదివరకు చూచితిని. ఆ చూచిన సంగతి చెప్పుటకే ఈ ప్రయత్నము.

నా కొలువు తాడేపల్లిగూడెములో, రెండవ ప్రపంచయుద్ధకాలమున వేసిన రన్‌వేకు అల్లంత దూరమున డేరా దింపిన టూరింగు టాకీసులో మొదలైనది. అక్కడి సంగతులు విస్తరింపను. డేరాకు లైసెన్సు ముగియగానే నన్ను ఎడ్లబండిపై నెక్కించి కొల్లేటి యొడ్డునకు తెచ్చిరి. పక్కా హాలులో జోడుగా మరియొక యంత్రమును నిలిపిరి. మా యిద్దరికిని ఒక ఆపరేటరును కుదిర్చిరి. ఈ వసారా ఆయనదే.

ఆర్కు దీపమును వెలిగించుట ఎంతటి విద్యయో ఇప్పటి వారికి తెలియుట కష్టము. రెండు కార్బను కడ్డీలను ఎదురెదురుగా బిగించి, ఒకదాని ముక్కునకు మరియొకదానిని తాకించి, తాకీతాకకమునుపే వెనుకకు లాగవలెను. నడుమ కన్ను చెదరు జ్యోతి పుట్టును. కడ్డీలు కాలుచున్నకొలది ఎడము పెరుగును, ఎడము పెరిగినచో తెరపై పగలు సాయంకాలమగును. అందుచే ఆపరేటరు నల్లటద్దములోనుండి జ్యోతిని చూచుచు, పిడిని వెంట్రుకవాసి త్రిప్పుచు కూర్చుండెడివాడు. రీలు ముగియుటకు సుమారు 8 సెకండ్ల ముందు తెర కుడివైపు పైమూలను చిన్న చుక్క మెరయును. అది చూచి ఆయన నా జోడు మోటారును నడిపించును. రెండవ చుక్క మెరసిన క్షణమున నా కన్ను మూసి దాని కన్ను తెరచును. సరిగా చేసినచో హాలులో నొక్కరికిని తెలియదు. తెలియకపోవుటయే ఆయన పనితనము. ఆ పనికి చప్పట్లు కొట్టినవారిని నేను చూడలేదు.

హాలునకు వచ్చెడి జనము కొల్లేటి జనము. బుడమేరును తమ్మిలేరును తెచ్చిపోసిన నీటిని కొల్లేరు దాచుకొని, ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు పంపును. ఆ నీటి నడుమ లంకలలో కాపురముండు వడ్డీ జాలరులు పొద్దు వాలువేళకు వలలు కట్టివేసి, తాటిదోనెలపై గట్టునకు చేరి, తడిసిన పంచెలతోనే నేల టిక్కెట్టునకు వరుసకట్టెడివారు. నేలలో ఆడువారొకవైపు, మగవారొకవైపు, నడుమ నడుమెత్తు గోడ. వానకాలమున సరస్సు పొంగినచో మ్యాట్నీకి మనుష్యులుండరు. ఫాల్గుణమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వచ్చినచో రెండవ ఆటకు చోటుండదు.

అట్టి హాలునకు బెజవాడ గాంధీనగరపు పంపిణీ కార్యాలయమునుండి ఒకనాడు రేకు పెట్టెలలో ‘సీతాకోకచిలుక’ వచ్చినది. ‘శంకరాభరణము’ తీసిన ఏడిద నాగేశ్వరరావుగారే దీనికిని నిర్మాత. భారతీరాజా తాను అరవమున తీసిన ‘అలైగళ్ ఓయ్వదిల్లై’ని 1981లోనే తెలుగున తీసిన చిత్రమిది. కార్తీక్, ముచ్చెర్ల అరుణ, ఇద్దరును కొత్త ముఖములు. సంభాషణలు మన నరసాపురపు జంధ్యాలవి, సంగీతము ఇళయరాజాది. బాలుర గుంపులో రాజమహేంద్రవరపు ఆలీ యను పిల్లవాడు. ఆ యేడే జంధ్యాల స్వయముగా ‘ముద్దమందారము’ తీసెను. అంతకు మూడేండ్ల ముందు వచ్చిన ‘మరోచరిత్ర’ ఆ యేడే హిందీలో ‘ఏక్ దూజే కే లియే’యై దేశమంతయు తిరిగెను. లేత వయసున ప్రేమించిన పిల్లల కథ అప్పుడు గాలిలో నున్నది. జాతీయ పురస్కారములలో తెలుగున ఉత్తమచిత్రముగా నెన్నబడినది మాత్రము ‘సీతాకోకచిలుక’యే.

బ్రాహ్మణ బాలుడు, క్రైస్తవ బాలిక, సముద్రతీరపు పల్లె. మా జనమునకు సముద్రము కొత్తదే కాని కథ కొత్తది కాదు. ఏలూరు 1976 నాటికే ఒక కథోలిక పీఠము. గుడిగంటయు చర్చిగంటయు ఒకే గాలిలో వినవచ్చు పల్లెలు చుట్టుప్రక్కల నెన్నియో కలవు. తుదిరీలున బాలుడు జందెమును, బాలిక శిలువను విడిచినప్పుడు నేలలో ఈలలు మిన్నుముట్టినవి. వెనుక కుర్చీలలో ఎవరును కదలలేదు. ఒకే బొమ్మ ఒకే హాలులో రెండు విధములుగా పడుట అంత స్పష్టముగా నేనెన్నడును వినలేదు.

పిమ్మట ఉపగ్రహము ద్వారా చిత్రములు దిగు కాలము వచ్చినది, ఫిలిము పోయినది, హాలు కల్యాణమండపమైనది. నన్ను పాతయినుమునకు తూచి అమ్మబోవగా ఆపరేటరే తన సొమ్మిచ్చి కొని ఇంటికి తెచ్చుకొనెను. మొన్న సంక్రాంతి సెలవులలో, ఏలూరులో ఇంటర్మీడియట్ చదువుచున్న ఆయన మనుమరాలు వసారాలో టీవీ పెట్టి, “తాతయ్యా, నువ్వు ఆడించిన సినిమా ఏదైనా చూద్దాం” అని కోరగా ఆయన ఆలోచింపక చెప్పిన పేరు ‘సీతాకోకచిలుక’యే.

చూచితిని. బాలుర గుంపు బాలికను ఏడిపించుచు వెంటబడు దృశ్యములకు ఆనాడు హాలంతయు నవ్వినది. ఈనాడు మనుమరాలు నవ్వలేదు, నాకును నవ్వు రాలేదు. బాలిక వయసెంతయని ఆమె అడిగినది, తాత తడబడెను. కాని ప్రేమ మొలకెత్తు ఘట్టములలో, సంగీతపాఠము సాగు ఇంటిలో, ఆమె ఫోనును ప్రక్కన పెట్టినది. ఇంత కాలమునకు ఆ చిత్రమునకు బలమెక్కడ నున్నదో నాకు తెలిసినది: ఇద్దరిలో నొకరు మరియొకరి మతములో కలియుట కాదు, ఇద్దరును సమముగా విడుచుట. విడిచిన దానికి బదులుగా కథ వారికేమియు నీయదు; ఇల్లులేదు, చుట్టములు లేరు, రేపటి కూడు సంగతి లేదు. దీనిని వెలితి యనువారున్నారు. ప్రేమించిన పిల్లలకు నాలుగెకరాలు వ్రాసియిచ్చి కథ ముగించు చిత్రములను నేనెన్నో ఆడించితిని. వానికంటె ఇది సత్యమునకు చేరువ.

మరియొక సంగతి. బాలిక యన్న డేవిడ్‌గా శరత్‌బాబు. అతని భార్యగా స్మిత. ఆనాడు ఆ వదినను నేను సరిగా చూడనేలేదు. ఆపరేటరు కూడ చూడలేదు, ఏలయన ఆయన కన్ను చుక్కమీద నుండెడిది. ఈసారి మేమిద్దరమును ఆమెనే చూచితిమి. భర్త క్రోధమునకును ఆడపడుచు కన్నీటికిని నడుమ నిలుచుట ఆమె పాత్ర. తరువాత ఊరూర గోడలపై అతికించిన పోస్టర్లలోని స్మితకును ఈమెకును సంబంధమే లేదనిపించును. ఆ పోస్టర్లతో వచ్చిన రీళ్ళను నేనును ఆడించితిని. పాటవచ్చు రీలునకే జనము వచ్చి, పాట కాగానే లేచిపోవుటయు నెరుగుదును. ఆ నటికి నటన తెలియునని ఆ జనముతో చెప్పుటకు నాకు నోరులేదు, ఇప్పుడు చెప్పుచున్నాను.

“ఈవిడెవరు తాతయ్యా? బాగా చేసింది” అని మనుమరాలు అడిగినది.

“సిల్క్ స్మితమ్మా. అసలు పేరు విజయలక్ష్మి. మన ఏలూరు పక్కన కొవ్వలి.”

“కొవ్వలా! మా క్లాసులో ఇద్దరు అక్కణ్ణుంచే వస్తారు. ఇప్పుడేరీ?”

“1996లో మద్రాసులో పోయింది. ముప్పయ్యారేళ్ళు కూడా నిండలేదు.”

ఆ పిల్ల కొంతసేపు మాటాడలేదు. తరువాత బొమ్మను వెనుకకు జరిపి, వదిన కనబడు ఘట్టములను మాత్రము మరల చూచినది. రీలు వెనుకకు చుట్టుటకు ఆపరేటరు చేయి నొప్పిపుట్టువరకు పిడి త్రిప్పెడివాడు; ఆమె వ్రేలితో చేసినది. అట్లు వెనుకకుపోయి ఒక్క మనిషినే చూచు సౌకర్యము నా హాలులో ఎవరికిని లేకుండెను; ఉన్నచో ఆ వదిన ఆనాడే కనబడియుండెడిది.

“ఆ ఇద్దరూ తర్వాత ఎలా బతికారు?” అని పడుకొనబోవుచు అడిగినది.

“అది వాళ్ళు చెప్పలేదమ్మా. రెండో ఆట వదిలాక దోనెల దగ్గర జనం అదే వాదించుకునేవారు. ఒకడు బెజవాడ పోయారనేవాడు, ఇంకొకడు మళ్ళీ ఇంటికొచ్చేశారనేవాడు.”

“వదినే దాచి ఉంటుంది” అని ఆమె అన్నది. ఆపరేటరు ఆ మాటను ఒప్పుకొనలేదు, కాదనలేదు. స్మిత మంచివేషము వేసిన సినిమా ఇంకేదైనా ఉన్నదాయని ఆమె అడుగగా, ‘వసంత కోకిల’ ఉన్నదనెను. రేపు రాత్రికి అది పెట్టవలెనని నిశ్చయించుకొనిరి.