ఉదయగిరి గరిటె

దుర్గం కొండ మీద నర్ది చెట్టుకు కొమ్మగా ఉన్నప్పటి సంగతులు నాకు అట్టే గుర్తు లేవు. నా బతుకు మొదలైంది ఆమె చేతుల్లోనే. ఉదయగిరిలో ఇంటి అరుగు మీద కూర్చుని, బాడిసతో చెక్కిన ముక్కను ఒళ్లో పెట్టుకుని, ఉలితో నా కడుపు కొద్దికొద్దిగా తొలిచింది. ఆకురాయి పట్టింది. గరుకు కాగితంతో రుద్దింది. బొటనవేలితో అంచు చుట్టూ తడిమి చూసి, ఎక్కడో గీరుకుంటే మళ్లీ రుద్దింది. చివరికి కాడ కొసన నాలుగు రేకుల పువ్వు చెక్కింది.

ఆమెకు ఈ పని నేర్పింది పక్కింటి ఖాలా. మా ఊళ్లో చెక్క చెంచాలూ గరిటెలూ తరతరాలుగా ఎక్కువగా ముస్లిం కుటుంబాలు చేసేవే. స్టీలు, ప్లాస్టిక్ వచ్చాక గిరాకీ పడిపోయిన ఈ పనికి 2015లో భౌగోళిక గుర్తింపు దక్కింది. భర్త పోయాక ఆమె ఇంటి పొయ్యి వెలిగింది ఈ పనితోనే.

నాతోటివన్నీ అమ్ముడుపోయాయి. నన్ను మాత్రం ఉట్టి పక్కన మేకుకు తగిలించింది. ఒక్క మనిషి తినే ఇంట్లో గరిటెకు ఏం పని? గిద్దెడు బియ్యం పొద్దున వండితే రాత్రికీ అదే. కూర దాకలోనే అన్నం కలుపుకుని, నిలబడే నాలుగు ముద్దలు తినేది. ఒక్కో మధ్యాహ్నం అదీ లేదు. కూతురు ఫోన్ చేసి ‘తిన్నావామా?’ అని అడిగితే ‘ఇప్పుడే తిన్నా’ అనేది. ముసలితనంలో ఒంటరితనం అంటే రోగాలు, మందులు అనుకుంటారు జనం. మేకుకు వేలాడుతూ నేను చూసింది వేరు. ఎదురుగా ఇంకో కంచం లేకపోతే మనిషికి ఆకలే మెల్లగా పోతుంది.

అలాంటప్పుడు వచ్చాడు ఆయన. ఊరు ఆత్మకూరు. లారీ తోలి తోలి మానేసి, భార్య పోయాక నెల్లూరులో కూతురి వీధిలోనే చిన్న గది తీసుకుని ఉంటున్నాడు. కూతురు కావాలన్న చెంచాలు తీసుకుపోవడానికి వచ్చి, అరుగు మీద కూర్చుని పని చూస్తూ పొద్దుపోయేదాకా ఉండిపోయాడు. తర్వాత చెంచాల వంక లేకుండానే వచ్చాడు. పెళ్లి మాట ఎత్తింది ఆయన కూతురే. ఒంటరి పెద్దలను కలిపే ‘తోడు నీడ’ సంస్థను రాజేశ్వరి గారు హైదరాబాదులో 2010లో మొదలుపెట్టారనీ, అక్కడ ఇలాంటి జంటలు ఎన్నో కుదిరాయనీ చెప్పి ఇద్దరినీ ఒప్పించింది.

ఇక్కడి కూతురు మాత్రం మండిపడింది. ‘నలుగురూ ఏమనుకుంటారుమా? నా అత్తగారింట్లో ఏమని చెప్పేది?’ అంది. ఊళ్లో ఇంకొకరు పింఛను సంగతి గుర్తు చేశారు. వితంతు పింఛను నెలకు 4000 రూపాయలు. మళ్లీ పెళ్లి చేసుకుంటే అది ఆగిపోతుంది. అరవై నిండితే వృద్ధాప్య పింఛను అడగొచ్చుగానీ ఆమెకింకా యాభై ఎనిమిదే. ఆమె రెండు రాత్రులు లెక్కలు వేసుకుని, ‘చేతిలో పనుంది, పోతే పోనీ’ అంది. ఆ మాటకు నేను చెక్కనైనా గర్వపడ్డాను.

కులాలు వేరు కాబట్టి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నెల్లూరులో రిజిస్టరు పెళ్లి. ముప్పై రోజుల ముందే నోటీసు ఇచ్చారు. పెళ్లికి ఇంత వయసు రావాలని చెప్పే ఆ చట్టం, ఇంత దాటకూడదని ఎక్కడా చెప్పదు. ఊరి నోళ్లకే ఆ గీత కావాలి.

తొలి బస్సుకు బయల్దేరాం. నన్ను కొత్త తువాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. పక్క సీట్లో కూతురు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వెనక సీట్లో బడిపంతులు చేసి విరమించిన ఆమె తమ్ముడు ఖాలాకు కందుకూరి వీరేశలింగం కథ చెబుతున్నాడు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం పోలీసు కాపలా మధ్య జరిగిందట. ఖాలా అంతా విని, ‘ఆ పిల్లకు చేశారు, మంచిదే. మరి మా వయసు వాళ్ల సంగతి ఎవరు పట్టించుకున్నారయ్యా?’ అంది. పంతులు దగ్గర జవాబు లేదు. నాకూ ఆ ప్రశ్నే సరైనదనిపించింది. పసి వితంతువు మీద జాలిపడ్డ లోకం, నెరిసిన జుట్టు చూసి మాత్రం ‘ఇంకెందుకులే’ అనేస్తుంది.

ఆత్మకూరులో ఆయన చెల్లెలు మల్లెపూల పొట్లంతో బస్సెక్కింది. ‘వదినా, కాస్త తల తిప్పు’ అని, అడక్కుండానే జడలో పూలు తురిమింది. ఆమె వద్దనబోయి ఊరుకుంది. కూతురు కిటికీ మీంచి చూపు తిప్పి, జారిపోతున్న దండకు పిన్ను పెట్టింది.

సంగం, బుచ్చి దాటి నెల్లూరు చేరాం. కార్యాలయంలో సంతకాలు తొందరగానే అయిపోయాయి. ముగ్గురు సాక్షులు కావాలి. ఆయన కూతురు, పంతులు సంతకాలు పెట్టారు. మూడోది ఖాలా పెట్టబోతుంటే, ‘నేను పెడతా’ అని ఈమె కూతురు పెన్ను అందుకుంది.

మధ్యాహ్నం ఆయన కూతురింట్లో భోజనం. మామిడికాయ వేసిన చేపల పులుసు. అప్పుడు నన్ను తువాలులోంచి తీసింది. పులుపు తగిలినా నాకేమీ కాదు, చేప ముక్క చిదరనివ్వను. నా కడుపులోంచి మొదటి ముక్క ఆయన విస్తట్లో పడింది. ఆయన నన్ను తీసుకుని ఆమెకు వడ్డించాడు. ఇంతకాలం ఎండిపోయి ఉన్న చెక్కను గదా, పులుసంతా లోపలికి పీల్చుకున్నాను.

సాయంత్రం ఆమె నెల్లూరులో ఉండిపోలేదు. పని ఉదయగిరిలో ఉందిగా! ఆయనే బట్టల సంచితో మా బస్సెక్కాడు. కూతురు అక్కణ్నుంచే తన ఊరికి పోతూ కిటికీ దగ్గరికొచ్చి, ‘మా అమ్మ మధ్యాహ్నం తినకుండా తిన్నానంటుంది, నమ్మబాకండి’ అని ఆయనకు చెప్పింది.

ఇప్పుడు ఎసట్లో రెండు గిద్దలు. నాకు రెండు పూటలా పనే, ఒళ్లంతా పసుపు పట్టింది. ఆయన నన్ను కడిగి ఎండలో పెడితే, చెక్క పగులుతుందని ఆమె నీడకు మార్చింది. అరుగు మీద ఇద్దరూ కూర్చుంటున్నారు. ఆయన గరుకు కాగితం పట్టడం నేర్చుకుంటున్నాడు. నిన్న చేసిన చెంచాల అంచు తడిమి చూసి ఖాలా, ‘ఇవి అమ్మొచ్చు’ అంది.