ఉప్పెర పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: విశాఖ చేపల రేవులో చవగ్గా వచ్చాయని బుధవారం పొద్దున్నే రొయ్యలూ కవళ్లూ కొనేసి, ఆదివారం బండల మీద కూర్చుని గాలం వేద్దామనుకున్న శిష్యుడికి కవి ఎర నిలవచేసే విధానం ఉపదేశిస్తున్నాడు.

ఉప్పు చల్లి పిదప నొకరాత్రి యారిన
యెరయె కొక్కెమంటి యెదురు నిలుచు
మంచు కరుగు నీట ముంచిన రొయ్యకు
రంగు పోవు రుచియు రాదు తిరిగి

ప్రతిపదార్థం: ఉప్పు = గళ్లుప్పు, నౌపాడ మడులదైతే మరీ మేలు; చల్లి = అడుగునా పైనా, పొరకొక పిడికెడు, లోభం లేకుండా పరచి; పిదప = ఆ తరువాత, అనగా ఫ్రీజర్ తలుపు తెరవకముందే; ఒక రాత్రి = దీపాలవేళ మొదలు పాలవాడు వచ్చేదాకా; ఆరిన = నీరోడిన; ఎరయె = ఎర మాత్రమే; కొక్కెము అంటి = గాలపు కొక్కేన్ని విడవకుండా; ఎదురు నిలుచు = అలకూ, ఊరికే కొరికిపోయే చిల్లరచేపలకూ లొంగక నిలబడును. తక్కినది స్పష్టం.

టీక: సన్న ఉప్పు ఎందుకు కాదంటే, అది పైచర్మాన్ని గబగబా బిగించేస్తుంది, లోపలికి ఉప్పు దిగదు. పైకి కట్టె, లోపల కుళ్లు. గళ్లుప్పు నింపాదిగా కరుగుతూ కండలోని నీటిని బయటికి లాగుతుంది. నీరు తగ్గితే కుళ్లబెట్టే సూక్ష్మజీవుల ఆట కట్టు. ఓడిన నీరు అడుగున నిలవకుండా చిల్లుల గిన్నెలో పెట్టాలని వేరే చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాం.

ఉప్పు ముట్టకుండా తిన్నగా ఫ్రీజర్లో పడేస్తే ఏమవుతుంది? ఇంటి ఫ్రీజర్లో నీరు మెల్లగా గడ్డకడుతుంది. మెల్లగా కట్టిన గడ్డల పలుకులు పెద్దవై కణాలను చీలుస్తాయి. కరిగాక మిగిలేది గుజ్జు. గాలం విసిరితే కొక్కెం సముద్రంలోకీ, ఎర పక్కవాడి చొక్కా మీదికీ పోతాయి. బాగా ఉప్పు పట్టిన ఎర −18 డిగ్రీల దగ్గర కూడా రాయిలా బిగుసుకోదు, ఉప్పు నీటికి గడ్డకట్టడానికి ఇంకా ఎక్కువ చలి కావాలి గనుక. కావలసిన రెండు ముక్కలు ఊడదీసుకుని మిగతాది లోపలికి తోసేయవచ్చు. ఇంత సుఖాన్ని కవి చెప్పకపోవడం లోపమే.

శంక: ఐసు కరిగితే వచ్చేది మంచినీళ్లే కదా, వాటితో రొయ్యకేమి వైరం?
సమాధానం: మంచినీళ్లు కావడమే వైరం. ఉప్పునీటి జీవి కండ వాటిని పీల్చుకుని ఉబ్బి, పాలిపోతుంది. చేప వాసన పట్టి వెంటపడే అమైనో ఆమ్లాలు ఆ నీళ్లలోకి దిగిపోతాయి. కనుక ఎరను కవరులో మూతి బిగించి ఐసు మీద పెట్టాలి. థర్మాకోల్ పెట్టెకు అడుగున చిన్న చిల్లు పెట్టడం శిష్టాచారం. రొయ్య తల నల్లబడటం వేరే సంగతి: అది తలలోని ఎంజైము పని, తల తుంచేస్తే నెమ్మదిస్తుంది.

తాత్పర్యం: ముందు ఉప్పు, తరువాత చలి. తలకిందులు చేయరాదు.

విశేషం: కవళ్ల ఊసు కవి ఎత్తలేదు, యతి కుదరక కాబోలు. వాటిది నూనె ఒళ్లు. ఉప్పు కుళ్లును ఆపుతుందే గాని నూనె కనరెక్కడాన్ని ఆపదు, పైగా తొందర పెడుతుంది. అందుచేత కవళ్లను ముందు వాడి, రొయ్యలను తరువాతికి ఉంచడం తెలివి.

పాఠభేదం: కొన్ని ప్రతుల్లో ‘నొకగంట యారిన’ అని ఉంది. గణాలు సరిపోతాయి గాని కానాగంత చెక్కలకు సరిపోదు. ఒలిచిన చిన్న రొయ్యలకైతే ఒప్పుకోవచ్చు. ఆదివారం తెల్లవారి లేచి హడావుడిపడ్డ లేఖకుడెవరో దిద్దినట్టుంది.

చివరి శంక: రాత్రంతా ఆరే ఈ గిన్నెను వంటింట్లో ఎక్కడ పెట్టవలెను?
సమాధానం: కవి ఇక్కడ మౌనం వహించాడు. గృహస్థుడని దీనివల్ల తెలుస్తున్నది.